గొర్లోళ్ళ ఇంటి గొర్రు

1928 ఆగస్టులో నన్ను కోవిల్‌పట్టికి వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. ఈ పేరు ఇప్పటివాళ్ళకు నోరు తిరగదు కాబట్టి ముందుగా అదేమిటో చెబుతాను. ప్రభుత్వ పొలంలో పరీక్షించి మేలని తేల్చిన విత్తనాన్నో, పనిముట్టునో, రైతు పొలంలో రైతు కళ్ళముందే వాడి చూపేవాడు డిమాన్‌స్ట్రేటరు. పైన అసిస్టెంట్ డైరెక్టరు, కింద ఒక మేస్త్రి, నడుమ మేము. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఊళ్ళోకి వస్తే కుర్చీ వేసేవారు. మేము వస్తే, కుర్చీ వేయాలా వద్దా అని ఆలోచించేవారు. మొదటి రెండేళ్ళు ప్రొబేషన్. ఆ గడువులో పై అధికారికి నమ్మకం కుదిరితే ఉద్యోగం ఖాయమవుతుంది, కుదరకపోతే ఇంటిదారి పట్టాలి.

మాది తిరుచ్చులి పక్కన వానమీద బతికే చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చినట్టే, తెలుగును లోపల విడిచి బయటికి పోయేవాళ్ళం. నేను తాలూకా కచేరీలో గుమాస్తా కావాలని మా నాయన కోరిక. మా మేనమామకు విరుదునగరంలో పత్తి, మిరపకాయల మండి ఉండేది. ఊరి పేరు మారి ఏళ్ళు గడిచినా ఆయన చివరిదాకా విరుదుపట్టి అనే అన్నాడు. ఆయన ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను కాబట్టి, నన్ను మండిలో తన పక్కన కూర్చోబెట్టుకోవాలని ఆయన ఆశ.

బడి వదిలాక నేను మండికి పోయేవాడిని. మామ పత్తి మూట విప్పించి, గుప్పెడు దూది తీసి, రెండు చేతుల వేళ్ళతో పోగు లాగి చూసేవాడు. చూసి, ఇది ఫలానా దిక్కు కాటిది, ఇది వాన తప్పిన కాటిది అని చెప్పేవాడు. కాడంటే మా వైపు మెట్ట చేను. ఆయన చెప్పింది తప్పయ్యేది కాదు. పక్కనున్న గుమాస్తాలకు ఆ మాట తరువాత రేటు మీద ధ్యాస పోయేది. నాకేమో ఆ కాటి మీద ధ్యాస పోయేది. ఆ కాడెలా ఉంటుంది, అక్కడ పోగు ఎందుకు పొడుగైంది, ఇక్కడ ఎందుకు తెగింది? మూటకు ముందు కూర్చునే పని నాది కాదు, మూట వెనక్కి నడిచి పోయే పని నాది అని నాకు తెలిసింది అక్కడే. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని మాత్రం తెలియదు. మా సైన్సు మాస్టరు కోయంబత్తూరులో వ్యవసాయ కళాశాల ఉందని చెప్పి, దరఖాస్తు పెట్టించారు. ఆయన లేకపోతే నేను ఈ కథ చెప్పేవాడిని కాను.

చదువు ముగించి ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెబితే నాయన అడిగింది ఒకటే. "ఇంత సదివి మళ్ళా మేడి పట్టేదానికారా?"

మామ అంతకంటే నెమ్మదస్తుడు. "సరి, పొయ్యి చూసి రా. నీ చోటు ఈడ కాలీగానే ఉంటాది" అన్నాడు. ఆ మాట నాకు ఆసరాగానూ ఉండేది, ముల్లుగానూ ఉండేది. ఓడిపోతే పడడానికి మెత్తటి చోటు ఉందని తెలిసినవాడికి తన కాళ్ళ మీద తనకే అనుమానం ఉంటుంది.

కోవిల్‌పట్టిలో నాకు అప్పగించిన ముఖ్యమైన పని, పత్తిని వరుసల్లో విత్తించడం. అప్పట్లో ఆ నల్లరేగడిలో, తమిళంలో కరిసల్ అంటారు, పత్తిగింజలను చేత్తో చల్లి నాగలితో కప్పేవారు. మొక్కలు చెల్లాచెదురుగా మొలిచేవి. కలుపు తీయాలంటే మనిషి వంగి తీయాల్సిందే. అదే విత్తే యంత్రంతో, అంటే కాగితాల్లో మేము 'సీడ్ డ్రిల్' అని రాసుకునే పనిముట్టుతో విత్తితే, మొక్కలు గీత గీసినట్టు లేస్తాయి. వరుసల మధ్య ఎద్దులను తోలి గుంటకతో కలుపు తీయవచ్చు, పదును ఆరిపోకుండా నేలను పొడి చేయవచ్చు. వాన తక్కువ దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

చూపే పద్ధతికి నియమాలు ఉండేవి. ఒకే చేనును రెండు భాగాలు చేయాలి. ఒక భాగం రైతు తన పద్ధతిలో విత్తాలి, రెండోది మేము విత్తాలి. విత్తనం ఒకటే, రోజు ఒకటే, ఎద్దులు రైతువే. చేను దారి పక్కన ఉండాలి, సంతకు పోయేవాళ్ళ కంట పడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్ళో నలుగురు మాట వినే పెద్దరైతు చేను కావాలి. వాడు చేస్తే ఊరు చేస్తుంది. వాడు నవ్వితే ఊరు నవ్వుతుంది.

కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఒక ఊళ్ళో అలాంటి పెద్దరైతు పెద్దసామి నాయకర్. ఊరి పేరు చెప్పను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మావాళ్ళలాగే ఏనాడో ఉత్తరం నుంచి దిగివచ్చిన తెలుగు కుటుంబం. వాళ్ళ ఇంటిపేరు గొర్లోళ్ళు. ఆ పేరే వాళ్ళకు తలనొప్పి. గొర్లంటే గొర్రెలు కదా. పెళ్ళిళ్ళలో వియ్యాలవారు ఆ ఇంటివాళ్ళు పంక్తిలో కూర్చోగానే "మే" అని అరిచేవారు. ఒకసారి సొంత బావమరిది అరిచాడని పెద్దసామి నాయకర్ విస్తరి మీంచి లేచిపోయాడట. ఆ రెండిళ్ళకూ చాలాకాలం మాటల్లేవు. అంతటితో ఆగలేదు. కరిసల్ కాట్లో వేసవిలో గొర్రెల మందను రాత్రిళ్ళు ఆపుకోవడం వాడుక. దాన్ని కిడ అంటారు. నేలకు అంతకు మించిన ఎరువు లేదు. గొర్లోళ్ళు మాత్రం తమ కాట్లోకి గొర్రెను అడుగుపెట్టనిచ్చేవారు కారు. ఎగతాళికి భయపడి ఎరువును వదులుకున్న ఇల్లు అది.

మొదటి ఏడు నేను ఆయన ఇంటికి చాలాసార్లు వెళ్ళాను. కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, శుద్ధమైన ఆఫీసు తమిళంలో 'విదైక్కలప్పై' గుణాలు వివరించేవాడిని. విత్తే నాగలి అని దానర్థం. ఆయన అరుగు మీద కూర్చుని అంతా వినేవాడు. మజ్జిగ ఇప్పించేవాడు. చివరికి తమిళంలోనే "పార్క్కలాం తంబీ" అనేవాడు. చూద్దాంలే తమ్ముడూ అని. చూద్దాం అంటే చూడనని అర్థం అని తెలుసుకోవడానికి నాకొక విత్తుకాలం పట్టింది. ఆయన ఒప్పుకోలేదని ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళు ఆ ఊరివైపు చూస్తూ ఊరుకున్నాయి.

మా అసిస్టెంట్ డైరెక్టరు తంజావూరు వైపు పెద్దమనిషి. కోప్పడడం ఎరగరు. 1929 వేసవిలో తనిఖీకి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి, వచ్చే విత్తుకాలానికి తూర్పు ఊళ్ళలో కనీసం ఒక పెద్దరైతు చేనైనా దొరక్కపోతే నిన్ను ఖాయం చేయమని నేను రాయలేను అని చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. మన ఇనుప యంత్రం బరువెక్కువ, ఇక్కడి ఎద్దులకు పనికిరాదు, దత్తమండలాల్లో రైతులు తరతరాలుగా కొయ్యతో చేసింది వాడుతున్నారు, కర్నూలు వైపు నుంచి ఒకటి తెప్పిస్తాను, తోలే మనిషి కూడా వస్తాడు అన్నారు. కింద ఉద్యోగిని భయపెట్టి వదిలేసే అధికారులను తరువాత చాలామందిని చూశాను. భయపెట్టిన నోటితోనే దారి చూపినవారు ఆయనొక్కరే.

పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు చివర, విరుదునగరం వెళితే మామ మండిలో తన పక్కన కొత్త చాప పరిపించి ఉంచాడు. ఆ చాప మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడి రైలెక్కాను. కూర్చుంటే ఇక లేవలేనేమో అనిపించింది.

అక్టోబరు నడుమ ఐప్పసి వానలు మొదలవుతుండగా కర్నూలు నుంచి మనిషి దిగాడు. పేరు ఓబులేసు. తమిళం ఒక్క ముక్క రాదు. నా తెలుగు విని రైల్వే స్టేషన్లోనే నవ్వాడు. "మా జేజి గూడా ఇంత పాత మాటలు మాట్లాడదు సార్" అన్నాడు. అయినా మాకిద్దరికీ మాట కలిసింది. వాడి పెట్టె కూడా విప్పకుండా, చాపలు చుట్టి ఉన్న ఆ కొయ్య యంత్రాన్ని బండి మీద వేసుకుని, ఆఖరి ప్రయత్నంగా పెద్దసామి నాయకర్ ఊరికి బయలుదేరాం.

ఊళ్ళోకి వచ్చాక నేను దారిలో కనబడిన మునసబుతో మాట్లాడుతూ వెనకబడ్డాను. ఓబులేసు బండిని నేరుగా తీసుకుపోయి పెద్దసామి నాయకర్ ఇంటి ముందే ఆపాడు. ఎద్దులకు నీళ్ళడిగాడు. ఆయన అక్క కొండమ్మవ్వ తొట్టి చూపించింది. నేను చేరుకునేసరికి వాళ్ళ సంభాషణ నా చెవిన పడింది. పరాయి మనిషి నోట తెలుగు విని అవ్వ ముఖం విప్పారి ఉంది.

"ఇది ఎవురిల్లమ్మా?" అని అడిగాడు ఓబులేసు.

"గొర్లోళ్ళ ఇల్లు నాయనా" అంది అవ్వ.

"అట్లనా. మరి మీకు గొర్లు ఎన్నుండాయి?"

అవ్వ చేతిలోని చెంబు అరుగు మీద పెట్టేసింది. లోపలికి తిరిగి, "తమ్ముడూ, ఇట్లా రా. మనల్ని నవ్వేదానికి ఊళ్ళోవాళ్ళు సాలలేదని, బండి కట్టుకోని వచ్చిండాడు ఒగుడు" అంది.

పెద్దసామి నాయకర్ బయటికి వచ్చాడు. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఓబులేసు వైపు చూడనే లేదు. నా వైపు తిరిగి, సర్కారు చేనడగవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం నా ఇష్టం, ఇవ్వలేదని ఇంటిమీదికి మనిషిని పంపి అవమానిస్తారా అని తమిళంలో అడిగాడు. నేను ఆఫీసు తమిళంలో క్షమాపణ మొదలుపెట్టాను. ఒక వాక్యం కూడా పూర్తి కాలేదు. నాకు కళ్ళముందు కనిపించింది విరుదునగరంలో ఆ కొత్త చాప.

ఓబులేసుకు ఏమీ అర్థం కాక, తానేం తప్పు మాట్లాడాడని నన్ను అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. కోటు, హోదా అన్నీ మరిచిపోయి, మా ఇంటి తెలుగులో, మా అవ్వ తిట్టినట్టే వాడిని తిట్టాను. "గొర్లెన్ని ఉండాయని ఇంటికొచ్చి అడిగితే ఎవురికిరా కోపం రాదు? వాళ్ళేమన్నా గొర్రెలు కాసేవాళ్ళా? నీ నోటితో నా వేలైకి మన్ను కొడితివే." వేలై అంటే పని, ఉద్యోగం.

ఊరి నడివీధిలో నేను తెలుగు మాట్లాడడం అదే మొదలు. ఆ ఊరివాళ్ళు నన్ను ఏడాదిగా తమిళ ఆఫీసరుగానే చూశారు. అందరి చూపూ వాడి మీంచి నా మీదికి తిరిగింది.

ఓబులేసు బిక్కముఖం వేశాడు. "గొర్రెల మాట ఎవురెత్తినారు సార్? నేనడిగింది గొర్రు" అని బండెక్కి చాపలు లాగేశాడు. కింద కొయ్య దూలం, దానికి వెదురు గొట్టాలు, పైన విత్తనాలు పోసే కొయ్య గిన్నె. "ఇదో, గొర్రు. మా పక్క గొర్లుండే ఇల్లంటే పెద్దరైతు ఇల్లని. అందుకే అడిగితి" అన్నాడు.

నా కాగితాల్లో దానికి ఇంగ్లీషు పేరుంది, నా నోట్లో దానికి తమిళ పేరుంది. తెలుగు పేరొకటి ఉంటుందని నాకు తట్టనే లేదు. పనిముట్టు మా వైపు లేదు కాబట్టి మాట కూడా మా వైపు లేదు. మిగిలింది ఇంటిపేరులో మాత్రమే. అందులోనూ గొర్రె దూరి కూర్చుంది.

కొండమ్మవ్వ బండి దగ్గరికి వచ్చి ఆ గిన్నెను తడిమి చూసింది. అడుగున ఉన్న రంధ్రాల్లో వేలు పెట్టి చూసింది. తరువాత లోపలికి పోయి, పసుపు, కుంకుమ పెట్టిన పాత కొయ్యగిన్నె ఒకటి తెచ్చింది. వాళ్ళు దాన్ని సామిగిన్నె అనేవారు. ఆ ఇంటికి కొత్తకోడలు వస్తే గడప దాటక ముందే ఆమె చేత దానిలో గుప్పెడు గింజలు పోయిస్తారు. గింజలు అడుగు రంధ్రాల్లోంచి నేల మీద రాలాలి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఓబులేసు చూడగానే "ఇది జడ్డిగం. గొర్రు మీద కూచునేది ఇదే" అన్నాడు.

చదివేవాళ్ళు ఇక్కడ ఆ గిన్నె మా గొర్రుకు సరిగ్గా అమరిందని అనుకోవచ్చు. అమరలేదు. దానికి మూడే రంధ్రాలు, మాదానికి ఇంకా ఎక్కువ గొట్టాలు. ఆ ఇంటిపేరు గొర్రు నుంచే వచ్చిందని నేను ఇప్పటికీ ప్రమాణం చేయలేను. వాళ్ళ పూర్వీకులు నిజంగానే గొర్రెలు పెంచారేమో. పెంచితే మాత్రం తప్పేముంది? కానీ ఆ రోజు ఎవరూ నన్ను ప్రమాణం అడగలేదు.

పెద్దసామి నాయకర్ చాలాసేపు ఆ రెండు గిన్నెలనూ చూశాడు. తరువాత అరుగు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నాడు. కుర్చీ తెప్పించలేదు. తెలుగులో అడిగాడు.

"నువ్వు మన బాస మాట్లాడేవాడివా? ఏ ఊరు మీది?"

చెప్పాను. మా నాయన పేరు, మామ పేరు చెప్పాను. మామ మండి ఆయనకు తెలుసు. అంత పెద్ద మండి ఉండగా ఈ ఎండలో తిరగడం ఎందుకని అడుగుతాడనుకున్నాను. అందరూ అదే అడిగేవారు. ఆయన అడిగింది వేరు.

"నీకు ఈ వేలై పిడిచిండాదా?"

ఈ పని నీకు నచ్చిందా అని. నాయన నన్ను హోదా గురించి అడిగాడు. మామ భద్రత గురించి అడిగాడు. కళాశాల మార్కులు అడిగింది. ఈ ప్రశ్న అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా సూటిగా అడుక్కోలేదు.

"పిడిచిండాది తాతా" అన్నాను.

"అట్లయితే చేను తీసుకో. మూలది వద్దు, బాట పక్కది తీసుకో. కలప్పై అంటే సర్కారుది. గొర్రు అంటే మాది. మా గొర్రు మా కాట్లో తోలేదానికి నేనెందుకు వద్దంటాను?" అన్నాడు.

అవ్వ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. వరుసల్లో ఎద్దులే కలుపు తీస్తే, కలుపుకు వచ్చే ఆడవాళ్ళ గతేమిటని అడిగింది. కాపు పెరిగితే పత్తి ఏరడానికి చేతులు ఎక్కువ కావాలని చెప్పాను. అది నిజమే, కానీ పూర్తి జవాబు కాదు. అవ్వకూ ఆ సంగతి తెలుసు. వరుసలో మొక్కల సందున ఎద్దు తీయలేని కలుపుకు ఎప్పటివాళ్ళనే పిలవాలని తమ్ముడి చేత మాట తీసుకుంది. ఆ షరతును నేను తరువాత ప్రతి ఊళ్ళోనూ చెప్పాను.

వాన వెలిసి పదును కుదిరిన రోజు విత్తాం. ఓబులేసు గొర్రు తోలాడు. గింజలు పోయడం ఆడవాళ్ళ పని అని వాడు చెబితే, కొండమ్మవ్వ తానే పోస్తానని వచ్చింది. పత్తిగింజకు నూగు ఉంటుంది, గొట్టంలో చిక్కుకుంటుంది. అందుకని గింజలను ముందురోజే పేడనీళ్ళలో పిసికి ఆరబెట్టాం. ఎద్దులు పక్కకు వాలినప్పుడల్లా నేను కుడికి వలపట, ఎడమకు దాపట అని మా ఇంటి మాటల్లోనే అదిలించాను. ఆ ఎద్దులకు కూడా తమిళం రాదు. సగం చేను అయ్యాక పెద్దసామి నాయకర్ మేడి తానే అందుకున్నాడు. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఎవరూ గొర్రెలా అరవలేదు.

మొలకలు వరుసగా లేచాయి. గుంటక తోలిన సగంలో నేల పదును నిలిచింది, చల్లిన సగంలో నెర్రెలు విచ్చింది. సంతకు పోయేవాళ్ళు బండ్లు ఆపి చూడడం మొదలుపెట్టారు. పత్తి ఏరిన ప్రతిసారీ రెండు సగాలనూ వేరువేరుగా తూచాం. తేడా మా కాగితాలకు సరిపోయేంత ఉంది. రైతు కంటికి అంతకంటే ఎక్కువే కనిపించింది.

ఆ పత్తి మూటలు విరుదునగరం వెళ్ళాయి. నేను మండిలో ఉన్నప్పుడే మామ ఒకటి విప్పించి, ఎప్పటిలాగే పోగు లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. "ఇది ఏ కాటిదిరా?" అని అడిగాడు. ఆయన ఇంకొకరిని ఆ మాట అడగడం నేను అంతవరకూ వినలేదు. చెప్పాను. ఎలా విత్తామో, ఎన్నిసార్లు గుంటక తోలామో అన్నీ చెప్పాను. ఆయన అంతా విని, గుమాస్తాను పిలిచి, తన పక్కనున్న చాపను చుట్టి లోపల పెట్టమన్నాడు. ఆయన నాకు చేసిన మేళ్ళలో అంత పెద్దది ఇంకోటి లేదు. నన్ను వదిలిపెట్టడానికి ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు.

నాయన కూడా ఒకసారి కోవిల్‌పట్టి వచ్చి చేను చూశాడు. మేడి గురించి మళ్ళీ ఎత్తలేదు. మా కాటికి గొర్రు ఎప్పుడు పంపుతావని మాత్రం అడిగాడు.

1930లో నా ఉద్యోగం ఖాయమైంది. ఆ వేసవిలోనే ఇంకో సంగతి జరిగింది. అది మా శాఖ చెప్పింది కాదు. పెద్దసామి నాయకర్ కీదారులను, అంటే మందలు తోలే వాళ్ళను, పిలిపించి తన కాట్లో కిడ కట్టించాడు. గొర్లోళ్ళ కాట్లో గొర్రెలు పడుకోవడం ఊరు చూడడం అదే మొదలు. ఇప్పుడు ఎవరైనా "మే" అంటే ఏం చేస్తావు తాతా అని అడిగాను. "ఎరువు వచ్చిండాదని అనుకుంటాను" అన్నాడు.

ముప్పైల్లో నన్ను కర్నూలు వైపు మార్చారు. తెలుగు అక్షరాలు అక్కడే, ఓబులేసు కొడుకు పలక మీద నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ మీరు చదవగలుగుతున్నారంటే అందువల్లే. తరువాత ఎన్నో తాలూకాలు తిరిగి, శాఖలో కొంత పైకి వెళ్ళి పదవీ విరమణ చేశాను. ఏ పని ఎంచుకోవాలని అడగడానికి కుర్రవాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. పెద్దసామి నాయకర్ నన్నడిగిన ప్రశ్నే వాళ్ళను అడుగుతాను, ఇంటి భాషలో జవాబు చెప్పమంటాను. వచ్చిన భాషలన్నిటిలోనూ మనిషి అబద్ధం ఆడగలడు కానీ, ఇంటి భాషలో తడబడతాడు.

ఉద్యోగం గురించి నేను నేర్చుకున్నది అంతకంటే చిన్నది. ఆ తరువాత ఏ ఊరికి ఏ పనిముట్టు తీసుకుపోయినా, దాని గుణాలు చెప్పడానికి ముందు బండి మీది చాప తీసి, అక్కడివాళ్ళను ఒక మాట అడిగేవాడిని. మీ ఇంట్లో దీన్నేమంటారు?